ఖాళీకి కూడా ఒక గది

మా ఇంట్లో నలుగురం. నలుగురికీ తెలివి ఎక్కువే. ఇది మేం చెప్పుకునే మాట కాదు, ఊరంతా చెప్పుకుంటుంది. మేం వీధిలోంచి వెళ్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని, "అదిగో, తెలివైనవాళ్ళు వెళ్తున్నారు" అని పడీపడీ నవ్వుతారు. తెలివైనవాళ్ళు కనపడితే జనానికి ఎంత సంతోషమో అనుకునేదాన్ని.

నా పేరు అప్పలనర్సమ్మ. మా ఆయన పెదపైడి. మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు, రాయకూడదని ఎవరూ అనలేదు కనక రాశాను. ఆయన తమ్ముడు చినపైడి. ఇద్దరూ కవలలు. మా ఆయన అరగంట ముందు పుట్టాడు. ఆ అరగంట పెద్దరికం ఇప్పటికీ చూపిస్తాడు. ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఉంటారు. తేడా అల్లా మీసాల్లోనే. మా ఆయన మీసం కొసలు పైకి తిరిగుంటాయి, మరిదివి కిందికి వాలుంటాయి. మరిది పెళ్ళాం బంగారి, నా తోటికోడలు. అది బాగా ఒళ్ళున్న మనిషి. నేను చీపురుపుల్లని.

మాది లారీల ఊరు. అన్నదమ్ములు లారీల మీద అక్షరాలు రాస్తారు. అక్షరమంటే మామూలు అక్షరమా! ప్రతి అక్షరానికీ ఓ తోక, తోక చివర తామరపువ్వు, వెనక నీలం నీడ, ఆ నీడకి ఎర్ర అంచు. "శుభం" అని రాశారంటే శ తోక పాక్కుంటూ పోయి డ్రైవరు తలుపు దగ్గర తేలేది. అయితే ఇద్దరికీ చదువు రాదు. కాగితం మీద ఉన్నదాన్ని బొమ్మలా చూసి బొమ్మలా దింపేస్తారు.

ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. అరవయ్యో ఏట వయోజనుల బడికి వెళ్ళి నేర్చుకున్నాను. అకారాన్ని మొదటిసారి గోడ మీద గుర్తుపట్టిన రోజు, తీర్థంలో తప్పిపోయిన చెల్లెలు దొరికినట్టు ఏడ్చేశాను. అప్పట్నుంచీ నాకు ఒకటే కోరిక. ఏదో ఒక కాగితం మీద వేలిముద్ర కాకుండా నా పేరు నేనే పెట్టాలి. కానీ మా గుమ్మంలోకి కాగితం తెచ్చేదెవరు?

ఇలా ఉండగా ఊళ్ళోకి స్టిక్కర్ల కొట్టొచ్చింది. మిషను గిర్రున తిరిగి అక్షరాలు కక్కుతుంది. లారీలన్నీ అటే పోయాయి. రెండు నెలలు మా కుంచెలు తడవలేదు. డబ్బాల్లో రంగు మీద మీగడ కట్టింది.

అప్పుడొచ్చారు ఇంజనీరమ్మ ప్రమీలారాణి గారు. ఊరికి మంచినీళ్ళిచ్చే ఫిల్టరింట్లో కొత్తగా పెద్ద బోర్డు పెట్టారట. దానినిండా మీటలు, దీపాలు, పంపుల పేర్లు. ఆ పేర్లు చేత్తో రాయాలి. ఆవిడ ఓ కాగితం తీసి మా ముందు పరిచారు. అందులో కంప్యూటరు అక్షరాలు. తోక లేదు, పువ్వు లేదు, నీడ లేదు. స్నానం చేయించి నిలబెట్టిన బడిపిల్లల్లా తిన్నగా నిలబడున్నాయి.

"వీటి నగలేవమ్మా?" అన్నాడు మా మరిది, పాపం, జాలిపడి.

"నగలొద్దు" అన్నారు ఇంజనీరమ్మ. "ఈ పద్ధతి జాగ్రత్తగా వినండి. ఒకటి, ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గది. సన్నంగా ఉన్న రకారానికీ అంతే, లావుగా ఉన్న ఘకారానికీ అంతే. అన్నిటికన్నా లావైనదాన్ని బట్టి గది కొలత పెట్టుకోండి. రెండు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తుంది కదా, ఆ ఖాళీకి కూడా ఓ అక్షరమంత గది ఇవ్వాలి. మూడు, తోకలూ నగలూ ఏమీ ఉండకూడదు. నాలుగు, ఒకేలా కనపడేవి రెండుంటే ఒకదానికి మధ్యలో గీత పెట్టాలి. ఇదిగో, ఈ సున్నకీ, ఇంగ్లీషులో ఓ అనే అక్షరానికీ తేడా తెలియదు. అందుకే సున్నకి అడ్డంగా గీత ఉంది. ఒకటి మంచినీళ్ళ మీట, ఇంకోటి మురుగు మీట. పొరపడితే ఊరంతా మురుగు తాగుతుంది."

"అమ్మో!" అంది బంగారి.

"సోమవారం వస్తాను. ఈ నాలుగు రోజులూ ఇంట్లో ఈ పద్ధతిని బాగా సాధన చెయ్యండి. బోర్డు సరిగ్గా వస్తే చుట్టుపక్కల ఏడు ఫిల్టరిళ్ళ పనీ మీదే. కాగితం రాసి సంతకం పెట్టించుకుంటాను. రాలేదా, స్టిక్కర్ల కొట్టుకి ఇచ్చేస్తాను."

సంతకం అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ గుమ్మం దాటగానే కొంగు బిగించాను. "విన్నారా? ఇంట్లో సాధన చెయ్యమన్నారు. ఇంటినిండా చెయ్యాలి" అన్నాను.

అంతే. సుద్దముక్క తీసుకుని గదులు గియ్యడం మొదలెట్టాం.

"కొలత ఎవరిది పెడదాం?" అన్నాడు మా ఆయన.

"అందరికన్నా లావైనవాళ్ళది అన్నారుగా" అన్నాడు మరిది, బంగారి వైపు చూసి.

"నన్నెందుకు చూస్తావ్? మన గేదె నాకన్నా లావు కాదేటి?" అంది బంగారి.

నిజమే కదా! గేదెని నట్టింట్లోకి తోలుకొచ్చి దాని వెడల్పుకి గీత గీశాం. ఇంకేముంది, ఒక్కో గది గేదంత. మా ఇల్లు ఎంతని! నాలుగు గదులు పట్టి ఇల్లు సరిపోయింది. ఒకటి గేదెకి. కొలత ఇచ్చింది కనక దాన్ని కాదనలేం. ఒకటి కోడిపుంజుకి. ఒకటి ఊరగాయ జాడీకి. నాలుగోది నాకు ఇద్దామన్నాడు మా ఆయన.

"మరి ఖాళీకి?" అన్నాను.

అందరం నాలిక కరుచుకున్నాం. పద్ధతిలో ఖాళీకి గది ఉండాలని ఆవిడ నొక్కి చెప్పారు కదా. మాకు ఇల్లు లేకపోయినా పర్వాలేదు, వచ్చిన చుట్టాన్ని బయట నిలబెడతామా? నాలుగో గది ఖాళీకి ఇచ్చేశాం. ఇంట్లో గేదె, కోడిపుంజు, ఊరగాయ జాడీ, ఖాళీ. వీధిలో మేం నలుగురం. ఎండ మాడ్చేస్తోంది.

"అప్పా, జాడీకి అంత గది ఎందుకు?" అంది బంగారి, చెమట తుడుచుకుంటూ.

"రకారానికి ఎందుకో, దానికీ అందుకే" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, జవాబుకి తడుముకోను.

భోజనం వేళ అయిదు ఆకులు వేశాం. అయిదోది ఖాళీకి. అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు వడ్డించి, "తిను నాయనా, మొహమాటపడకు" అని బతిమాలి ఇవతలికొచ్చాను. చెయ్యి కడుక్కుని వెళ్ళి చూద్దును కదా, మెతుకు లేదు, ఆకూ లేదు! గేదె పక్కగదిలో అమాయకంగా నెమరేస్తోంది.

"తిన్నాడే!" అన్నాను.

"పులుసు ఇష్టం కాబోలు" అన్నాడు మరిది. "ఆకు కూడా తినేశాడు."

"ఊరు కాని ఊరు వచ్చాడు, ఆకలి వేసుంటుంది" అంది బంగారి.

ఆ రోజు నుంచి పూటపూటా ఖాళీకి వడ్డించాం. ఒక్కపూటా వద్దనలేదు. అలాంటి చుట్టం దొరకడు. సణగడు, ఉప్పు తక్కువైందనడు.

రెండో రోజు నగల సాధన. నేనూ బంగారీ ముక్కుపుడకలు, గాజులు, మట్టెలు తీసి మూటకట్టాం. సన్నగా, తిన్నగా, కంప్యూటరు అక్షరాల్లా తయారయ్యాం. బంగారి తిన్నగా మాత్రమే తయారైంది. తరవాత తోకలు. గేదె తోక ఎలా? కొయ్యడానికి మనసొప్పలేదు. పాత చీరముక్కతో దాని నడుముకే చుట్టి కట్టేశాం. ఈగలు తోలుకోవడానికి తోక లేక అది గంతులేసింది. గంతులో ఊరగాయ జాడీ గదిలో అడుగుపెట్టింది. జాడీ ఠాప్‌మంది. ఊరగాయ ఇల్లంతా పరుచుకుంది.

"చూశావా, ఎవరి గదిలో వాళ్ళుండకపోతే ఎంత ప్రమాదమో!" అన్నాడు మా ఆయన. ఆ పద్ధతి మీద మాకు ఇంకా గురి కుదిరింది.

అప్పుడు బంగారి కళ్ళు మగాళ్ళ మీద పడ్డాయి. "అప్పా! మీసాలు!"

నిజమే. నాలుగు మీసం కొసలు, నాలుగు తోకలు! అన్నదమ్ములు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. మా ఆయనైతే "ముప్ఫై ఏళ్ళుగా పెంచానే నర్సీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఏడు ఫిల్టరిళ్ళయ్యా!" అన్నాను. అంతే, మంగలిని పిలిచాం. ఇద్దరివీ నున్నగా గీసేశాడు. ఇద్దరూ మొహాలు కడుక్కుని, తువాళ్ళతో తుడుచుకుని, ఇటు తిరిగారు.

ఎవరు ఎవరో తెలియలేదు!

"ఏమయ్యా" అన్నాను. ఇద్దరూ "ఊఁ" అన్నారు.

బంగారి గొంతు చించుకుని, "ఓరి నా మొగుడా!" అని అరిచింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"భయపడకండి, నేను పెదపైడిని" అన్నాడు ఒకాయన.

"అదేటి, పెదపైడిని నేను కదా?" అన్నాడు ఇంకొకాయన. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకునేకొద్దీ ఇద్దరికీ అనుమానం పెరిగింది. "నీ మొహం చూస్తుంటే నాలాగే ఉంది. అంటే నేను నువ్వా?" అన్నాడు మొదటాయన. "నేను నువ్వైతే మరి నేనెక్కడికి పోయాను?" అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ కలిసి మంచం కింద వెతికారు.

నేను లబలబలాడాను. వెంటనే చదువు అక్కరకొచ్చింది. "ఆగండి! నాలుగో మాట మరిచిపోయారా? ఒకేలా కనపడేవి రెండుంటే ఒకదానికి గీత!"

ఇంకేముంది, లారీ రంగు డబ్బా మూత తీశాను. ఒకాయన్ని కూచోబెట్టి నుదుటి నుంచి గడ్డం దాకా నల్లగా, ఏటవాలుగా గీత లాగాను. ఎంత చక్కగా వచ్చిందో! "ఇప్పుడు తెలిసిపోయింది" అన్నాను.

"ఏటి తెలిసింది?" అంది బంగారి.

"ఈయనకి గీత ఉంది, ఆయనకి లేదు."

"గీత ఉన్నాయన నీ మొగుడా, నా మొగుడా?"

అది మాత్రం పద్ధతిలో లేదు. నేను ఆలోచిస్తుంటే గీత లేనాయన అలిగాడు. "వాడికో గీత, నాకు లేదా? అందరికీ సమానం అని కదా చెప్పారు! నాకంటే వాడేం ఎక్కువ?"

న్యాయమే. ఆయనకీ లాగాను. మళ్ళీ ఇద్దరూ ఒకేలా అయ్యారు. కిరసనాయిలుతో తుడిచాం, ఇసకతో తోమాం, ఊడలేదు. లారీ రంగు మూడు వానాకాలాలు ఆగుతుందని మేమే గ్యారంటీ ఇస్తాం, ఊడుతుందా!

"మీసాలు మొలిచేదాకా ఇద్దరూ అరుగు మీదే ఉండండి. పైకి మొలిచినాయన నా మొగుడు" అన్నాను. బంగారి ఒప్పుకుంది.

సోమవారం వచ్చింది. నలుగురం ఫిల్టరింటికి వెళ్ళాం. ఇంజనీరమ్మ అన్నదమ్ముల మొహాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేమిటి, మొహాలకి ఈ గీతలు?"

"ఇద్దరం సున్నలమే అమ్మా" అన్నారు ఇద్దరూ చేతులు కట్టుకుని.

ఆవిడ బోర్డు చూపించి, ఏదో పనుందని వెళ్ళారు. సాయంత్రానికి వస్తానన్నారు.

నిజం చెప్పాలి. అన్నదమ్ములు ఆ రోజు రాసినట్టు జన్మలో రాయలేదు. నాలుగు రోజులు గదుల గీత దాటకుండా బతికారు కదా, చెయ్యి గది దాటలేదు. రకారం దాని గది నడుమ ఒంటరిగా, హాయిగా నిలబడింది. ఘకారం ఊపిరి బిగబట్టి సర్దుకుంది. సున్నలో గీత కాగితంలో ఎలా ఉందో అలా ఉంది, దాని పక్క ఇంగ్లీషు ఓ గీత లేకుండా ఉంది. ఒక్క తోక లేదు. ఎక్కడ నిలబడి చూసినా కళ్ళకి చల్లగా, ఇదిగో చదువుకో అన్నట్టు ఉంది. ఏళ్ళతరబడి తామరపువ్వుల కింద ఇంత అందమైన అక్షరాలని దాచిపెట్టామా అని నేను నోరు తెరుచుకుని చూశాను. అక్కడితో ఆగితే బాగుండేది.

కానీ నేను చదువుకున్నదాన్ని.

వేలు పెట్టి ఒక్కో గదీ చదువుకుంటూ వచ్చాను. "పై." తరవాత గదిలో ఏమీ లేదు. "ట్యాంకు." తరవాత గదిలోనూ ఏమీ లేదు. ఆ పక్కన "ఒకటి." నా ప్రాణం ఉసూరుమంది. "అందరి గదుల్లోనూ వాళ్ళ వాళ్ళ పేర్లున్నాయి. ఖాళీ గది మీద పేరు లేదేమయ్యా? ఎవరో వచ్చి ఆక్రమించేస్తే?"

"పాపం, మనింట్లో చుట్టం" అంది బంగారి.

అంతే. సన్న కుంచె తీసుకున్నాను. ఖాళీగా ఉన్న ప్రతి గదిలోనూ, ఒద్దికగా, తోక లేకుండా "ఖాళీ" అని రాశాను. పనైపోయింది. నా చేతిరాత చూసుకుని మురిసిపోయి, నలుగురం ఇంటికొచ్చేశాం.

మధ్యాహ్నం మోటార్లు చూసుకునే గంగులు పనిలోకొచ్చాడు. బోర్డు చూశాడు. "పై ఖాళీ ట్యాంకు ఖాళీ." ఆ పక్కన ఒకటి దాకా చదవనేలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు రాసుంది! పక్కనే ఇంకో వరస: "కింది ఖాళీ ట్యాంకు ఖాళీ." ఓరి నాయనో, ఊళ్ళో చుక్క నీళ్ళు లేవు అనుకుని ఉన్న మోటార్లన్నీ ఒక్కసారి వేసేశాడు. ట్యాంకులు అప్పటికే నిండుగా ఉన్నాయి.

ఇంకేముంది! పై ట్యాంకు మీంచి నీళ్ళు జలజలా దూకాయి. గుట్ట దిగి, బజారు దాటి, పల్లంలో ఉన్న మా వీధికి వచ్చాయి. ఫిల్టరు చేసిన చక్కటి నీళ్ళు! జనం బిందెలు, బకెట్లు పట్టుకుని పరిగెత్తారు. మా ఇంట్లోకి మోకాలెత్తు వచ్చి సుద్దగీతలన్నీ కడిగేశాయి. కోడిపుంజు గేదె మీదెక్కి కూచుంది. గేదె నాలుగు గదులూ తనవే అన్నట్టు తిరిగింది.

"ఖాళీ! ఖాళీ ఏడీ?" అని బంగారి గుండెలు బాదుకుంది. ఎక్కడా కనపడలేదు.

కాసేపటికి మమ్మల్ని ఫిల్టరింటికి పిలిపించారు. ఇంజనీరమ్మ బోర్డు ముందు నిలబడున్నారు. పక్కన గంగులు తడిసి ముద్దై ఉన్నాడు. ఏడు ఇళ్ళ పనీ పోయింది, సంతకం పోయింది అనుకున్నాను.

"ఈ ఖాళీలు ఎవరు రాశారు?" అన్నారు ఆవిడ.

"నేనేనమ్మా. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే."

ఆవిడ ఒక ఖాళీ మీద వేలు పెట్టారు. "చూడండి అమ్మా. ఖాళీ అంటే అక్కడ ఏమీ ఉండకూడదు. గది ఉండాలి కానీ గదిలో ఏమీ రాయకూడదు. ఎప్పుడూ, ఎక్కడా, ఖాళీలో ఏమీ రాయొద్దు. అర్థమైందా?"

"ఎప్పుడూ, ఎక్కడా" అన్నాను, చెంపలు వేసుకుని.

"సరే, అవి చెరిపేయండి. మిగతా అక్షరాలు మాత్రం..." ఆవిడ వెనక్కి నాలుగడుగులు వేసి చూశారు. ఆవిడ మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది. "ఈ గంగులు కళ్ళద్దాలు లేకుండా గుమ్మంలోంచి చదివేశాడట. నాకు కావలసింది అదే. స్టిక్కర్ల కొట్టువాడు ఇంత శుభ్రంగా చెయ్యలేడు. ఏడు ఇళ్ళ పనీ మీదే."

అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు కావిలించుకున్నారు. గీతకి గీత తగిలింది. ఆవిడ సంచీలోంచి కాగితం తీసి, బల్ల మీద పెట్టి, నా చేతికి పెన్ను ఇచ్చారు. "పేరు మీదే పెడదాం, చదువుకున్నవారు కదా. ఇక్కడ ఉంది చూడండి, పని ఒప్పుకున్నవారు అని. దాని పక్క ఖాళీలో మీ పేరు పెట్టండి. నేను ఈలోగా మోటార్లు చూసొస్తాను."

నా కళ్ళు చెమర్చాయి. అరవయ్యో ఏట నేర్చుకున్న ఏడక్షరాలు, అ-ప్ప-ల-న-ర్స-మ్మ... లెక్కపెడితే ఆరే వచ్చాయి, సరే, ఆరక్షరాలు, ఇవాళ కాగితమెక్కబోతున్నాయి. పెన్ను ఖాళీ దగ్గరికి తీసుకెళ్ళాను.

అప్పుడు ఆగాను.

"ఏమయ్యా, ఇది మనకి పరీక్ష" అన్నాను గుసగుసగా. "ఖాళీలో ఎప్పుడూ, ఎక్కడా రాయొద్దని ఇప్పుడే చెప్పింది. వెంటనే ఖాళీలో రాయమంటోంది. మన బుద్ధి చూస్తోంది."

"ఒక్కసారి మునిగాం. మళ్ళీ మునుగుతామేటి?" అన్నారు ఇద్దరు సున్నలూ.

పెన్ను కింద పెట్టేశాను. నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. కానీ ఊరు మునగడం కంటే నా సంతకం ఎక్కువా? ఖాళీని తెల్లగా, ముత్యంలా వదిలేశాను.

ఇంజనీరమ్మ తిరిగొచ్చి కాగితం చూశారు. "పేరేది?"

"ఖాళీలో రాస్తామా అమ్మా!" అన్నాను నవ్వుతూ.

ఆవిడ బల్ల మీద కూలబడ్డారు. "ఇందులో ఎవరి పేరూ లేకపోతే ఈ పని నేను ఎవరికి ఇచ్చినట్టమ్మా?" అన్నారు.

నేను కాగితం దగ్గరకి తీసుకుని చదివాను. పని ఒప్పుకున్నవారు. దాని పక్కన ఖాళీ. వెలిగిపోయింది నా మొహం.

"ఇంకెవరికి? ఖాళీకే! తడిసిపోయి ఎటు పోయాడో అనుకున్నాం, ఇక్కడికొచ్చాడా! పర్వాలేదమ్మా, మావాడే. మా ఇంట్లో నాలుగు రోజులు తిన్నాడు. మమ్మల్ని పనిలో పెట్టుకోమని అడుగుతాం."

ఆవిడ నవ్వారో ఏడ్చారో తెలియలేదు, కళ్ళనీళ్ళు మాత్రం వచ్చాయి. రేపు ఇంకో కాగితం తెస్తానని చెప్పి వెళ్ళిపోయారు. తెచ్చారు కూడా, రోజూ తెస్తున్నారు. అడగకుండా పేరు పెట్టడం మర్యాద కాదు కదా, ఖాళీని అడిగి చెప్తామంటున్నాం.

మీసాలు మొలిచాయి. మా ఆయన అరుగు దిగి నట్టింట్లోకొచ్చాడు. మళ్ళీ సుద్దతో నాలుగో గది గీశాం. పూటపూటా ఆకు వేసి, గుమ్మడికాయ పులుసు వడ్డించి, నలుగురం ఎదురుగా కూచుని, "నాయనా, ఆ పని మాకు ఇస్తావా?" అని అడుగుతున్నాం. ఇష్టమైతే ఊఁ అంటాడు కదా.

పులుసైతే తింటున్నాడు. ఊఁ మాత్రం ఇంకా అనలేదు.